పదకొండో హోల్ దగ్గర పచ్చజెండా

నేను ముప్పై ఒక్క ఏళ్ళు ఫిజికల్ డైరెక్టరుగా పనిచేశాను. సికింద్రాబాద్‌లో ఒకే మిషన్ కాలేజీ, ఒకే మైదానం. విద్యార్థులకీ, అటెండర్లకీ, చివరికి మా చర్చిలో వాళ్ళకి కూడా నేను పీడీ మేడమ్‌నే. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. దాని గురించి నాకు పెద్ద బాధా లేదు.

ఈ మధ్య కాలేజీలో కొత్తగా చేరిన పీడీలు ఇద్దరు మా ఇంటికొచ్చారు. డిస్క్ గోల్ఫ్ టోర్నమెంటు ఇకనుంచి వాళ్ళే చూసుకోవాలట, ఏమేం చెయ్యాలో రాసివ్వమన్నారు. సరేనన్నాను. ఇన్ని తాళ్ళు, ఇన్ని కుర్చీలు, ఇన్ని నీళ్ళ క్యాన్లు అని ఒక పేజీ ఇస్తాననుకుని ఉంటారు. ఆ జాబితా స్టోర్‌రూమ్ తలుపు వెనక అంటించే ఉంది, చూసుకోండమ్మా. ఇక్కడ నేను రాసేది ఆ తలుపు మీద లేనిది. ఇందులో నా గొప్పలు తక్కువ, నేను చేసిన తప్పులు ఎక్కువ. పైగా అందులో ఒక తప్పు చాలా పెద్దది.

ఆట తెలియని వాళ్ళ కోసం నాలుగు మాటలు. పళ్ళెంలాంటి ప్లాస్టిక్ డిస్కుని విసురుతూ, గొలుసులు వేలాడే ఇనప బుట్టలో వెయ్యాలి. ఒక్కో బుట్టకి వెళ్ళే దారిని ఒక హోల్ అంటారు. మా దగ్గర అలాంటివి పద్దెనిమిది. ఎవరు తక్కువ విసుర్లతో పద్దెనిమిదీ పూర్తిచేస్తే వాళ్ళు గెలిచినట్టు. చూడటానికి ఇంతే. ఆడితే నడుం పట్టేస్తుంది.

శుభ్రం చేయడం కాదు

మా కాలేజీ వెనక, సైనిక్‌పురి వైపు, ఎందుకూ పనికిరాని రాళ్ళ నేల ఉండేది. గుండ్రాళ్ళు, వేపచెట్లు, సర్కారు తుమ్మ, పక్కన ఒక నాలా. అక్కడ క్రికెట్ కుదరదు, పరుగు కుదరదు. మా పాత విద్యార్థి ఒకడు ఈ ఆట ఎక్కడో నేర్చుకొచ్చి, ఆ నేల చూసి ఎగిరి గంతేశాడు. మా ప్రిన్సిపాల్ గారు కూడా ఒప్పుకున్నారు. ఆయన మంచి మనిషి. ఆయనతో ఒకటే చిక్కు, దేన్నైనా ప్రారంభోత్సవానికి సిద్ధం చేస్తేగానీ నిద్రపోరు.

మొదటి ఏడు నేను కూడా అదే ధోరణిలో పోయాను. పదిరోజులు కూలీలని పెట్టి పొదలన్నీ కొట్టించాను. కొమ్మలు నరికించాను, రాళ్ళకి సున్నం వేయించాను. కలెక్టరు వస్తున్నాడన్నట్టు మెరిసిపోయింది మైదానం. బయటి ఊళ్ళ నుంచి వచ్చిన ఆటగాళ్ళు చూసి, ఇంక మేం దేన్ని తప్పించుకుంటూ విసరాలి మేడమ్ అని అడిగారు. నాకు తల కొట్టేసినట్టయింది. అడ్డంకే ఆట. దాన్ని తీసేయడం మన పని కాదు. ఆ అడ్డంకి పొద్దున ఆడేవాడికీ మధ్యాహ్నం ఆడేవాడికీ ఒకేలా ఉండేట్టు చూడటం మన పని. కొమ్మ విరిగి వేలాడుతుంటే తీసెయ్యండి. నిలబడి ఉంటే దాని జోలికి పోకండి.

రెండో తప్పు ఎండకి సంబంధించింది. క్లాసులు అయ్యాక సాయంత్రం పూట నడుచుకుంటూ హోల్స్ గుర్తు పెట్టాను. పోటీ పొద్దున ఏడింటికి. మూడో హోల్ సరిగ్గా తూర్పు ముఖం. ఆటగాళ్ళందరూ కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని సూర్యుడిలోకి విసిరారు. అప్పటినుంచీ పోటీ ఏ వేళకో ఆ వేళకే మైదానం నడిచి చూస్తున్నాను. మీరూ అలాగే చెయ్యండి. మధ్యాహ్నం నడిచి పొద్దుటి సంగతి ఊహించుకోకండి.

నేను నేర్చుకున్న వాటిలో సగం పోచమ్మ దగ్గర నేర్చుకున్నవే. పోచమ్మ మా మైదానం ఊడ్చే మనిషి. హద్దుల తాడు ఎక్కడ కడితే జారుతుందో, ఏ రాయి కింద పాము ఉందో, వాన పడితే నీళ్ళు ఎక్కడ నిలుస్తాయో ఆమెకి తెలుసు. నేను టేపు పెట్టి కొలిచి గీసిన గీత కంటే ఆమె పిడికిట్లోంచి వదిలిన ముగ్గు గీత తిన్నగా వచ్చేది. మొదటి రెండేళ్ళు ఆమెని అడగడం నాకు నామోషీ అనిపించింది. ఆ రెండేళ్ళూ దండగ.

నిలబడేవాళ్ళు

టోర్నమెంటు నడిచేది ఆటగాళ్ళ వల్ల కాదు, నిలబడేవాళ్ళ వల్ల. వలంటీర్లంటే జెండా పట్టుకుని ఎండలో ఆరేడు గంటలు నిలబడేవాళ్ళు. మా దగ్గర కాలేజీ పిల్లలు కొందరు, చర్చి వాళ్ళు కొందరు, చుట్టుపక్కల కాలనీల నుంచి రిటైరైన వాళ్ళు కొందరు వచ్చేవారు. వీళ్ళకి కృతజ్ఞత చెప్పడం ఎలా అన్న విషయంలో నాకూ ప్రిన్సిపాల్ గారికీ ఎప్పుడూ పడేది కాదు.

శాలువా లేనిది సభే కాదని ఆయన నమ్మకం. ఆయన బీరువాలో శాలువాల దొంతర ఉండేది. ఎక్కడెక్కడో ఆయనకి కప్పినవి మళ్ళీ మడతపెట్టి ఇంకొకరికి కప్పేవారు. ఒకసారి మేం ముఖ్య అతిథికి కప్పిన శాలువా ఏడాది తిరక్కుండా వేరే సభలో ప్రిన్సిపాల్ గారి భుజం మీదికే తిరిగొచ్చింది. అంచు మీద మరక చూసి ఆయనే గుర్తుపట్టి నవ్వారు.

నా పద్ధతి వేరు. వలంటీరుకి టిఫిను ఆటగాడి కంటే ముందు పెట్టాలి. నిలబడే చోట నీడ లేకపోతే గొడుగు ఇవ్వాలి. గంటన్నరకోసారి ఎవరో ఒకరు వచ్చి, మీరు వెళ్ళి కాళ్ళూ చేతులూ కడుక్కుని రండి, నేను నిలబడతానని చెప్పాలి. ఆడవాళ్ళకైతే ఇది మరీ ముఖ్యం. అడగలేక నీళ్ళు తాగడం మానేస్తారు. అన్నిటికంటే ముందు, వాళ్ళు నిలబడ్డ చోటికి మనమే నడిచి వెళ్ళి పేరు పెట్టి పలకరించాలి. సర్టిఫికెట్ మీద పేరు తప్పు పడినా క్షమిస్తారు. నిలబడ్డ చోట పలకరించకపోతే మళ్ళీ ఏడు రారు.

ఇదంతా తెలిసి కూడా నేను చేసిన పని చెప్తాను.

యాదగిరి గారు

మా పదకొండో హోల్ అన్నిటికంటే కష్టమైంది. మధ్యలో పెద్ద గుండ్రాళ్ళ గుట్ట. విసిరేవాడికి గుట్ట అవతల ఏమవుతుందో కనపడదు. అవతల కుడివైపు పొదలు, ఆ వెనక నాలా. ఎడమవైపు ఒక వేపచెట్టు, దాని పక్కన బుట్ట. అందుకని గుట్ట మీద ఒక మనిషి నిలబడి, డిస్కు ఎక్కడ పడిందో చూసి చెప్పాలి. హద్దు లోపల పడితే పచ్చజెండా ఎత్తి, పడిన చోటు చూపించాలి. నాలాలో పడితే ఎర్రజెండా.

ఆ చోట ఆరేళ్ళు నిలబడింది యాదగిరి గారు. రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. ఇల్లు రాంగోపాల్‌పేట్‌లో. జెండాలు మేం ఇస్తామన్నా తీసుకోలేదు. రైల్వేవి రైల్వేకి ఇచ్చేశానని, ఇవి మా గల్లీ దర్జీ దగ్గర కుట్టించుకున్నానని చూపించారు. తెల్ల క్యాన్వాస్ బూట్లు, ఇస్త్రీ చొక్కా, చేతికి పాత గడియారం. ఆయన జెండా ఎత్తితే ఎవరూ మారు మాట్లాడేవారు కాదు. భార్య పోయాక ఆ మనిషి ఇంట్లోంచి తయారై బయటికి వచ్చేది మా పోటీలకీ, ప్రాక్టీసు ఆదివారాలకీ మాత్రమేనని ఆయన కూతురు ఒకసారి నాతో చెప్పింది.

ఆయన నిలబడ్డ ఆరో ఏడు నాకు కొన్ని కనిపించాయి. టీ కప్పు అందిస్తే ఆయన చెయ్యి పక్కకి పోయింది. ఆటగాళ్ళ చొక్కా మీద నంబరు చదవకుండా, మీ పేరేందమ్మా అని అడుగుతున్నారు. చూశాను, కానీ అంత పట్టించుకోలేదు. పని ఒత్తిడి అని సరిపెట్టుకున్నాను.

ఆ ఏడు ఆడపిల్లల్లో గెలిచిన అమ్మాయిని వేరే రాష్ట్రంలో జరిగే పెద్ద పోటీకి మా కాలేజీ తరఫున పంపాలని నిర్ణయించారు. అందరికంటే ముందున్నది కీర్తన. అల్వాల్ అమ్మాయి, మా పాత విద్యార్థి. ఒక డయాగ్నస్టిక్ సెంటర్లో ఉద్యోగం చేస్తూ ఆదివారాలు వచ్చి ప్రాక్టీసు చేసుకునేది. పదకొండో హోల్ దగ్గర తనకంటూ ఒక విసురు ఉండేది. డిస్కుని బాగా ఎత్తుగా విసిరి, గుట్ట మీదుగా ఎడమకి తిప్పేది. ఆ రోజూ అలాగే విసిరింది.

యాదగిరి గారు పచ్చజెండా ఎత్తారు. కుడివైపు పొదల్లోకి చూపించారు. అందరూ పరుగెత్తి పొదల్లో వెతికారు. వెతకడానికి మూడు నిమిషాలే సమయం. మూడు నిమిషాలూ అయిపోయాయి, దొరకలేదు. నియమం ప్రకారం డిస్కు పోయినట్టు లెక్క. ఒక విసురు జరిమానా పడి, వెనక్కి వెళ్ళి మళ్ళీ విసిరింది. చివరికి ఒక్క విసురు తేడాతో రెండో స్థానంలో నిలిచింది. వేరే అమ్మాయి పోటీకి వెళ్ళింది.

సాయంత్రం తాళ్ళు చుడుతుంటే పోచమ్మ ఒక డిస్కు తెచ్చి నా చేతిలో పెట్టింది. వెనక కీర్తన పేరు రాసి ఉంది. ఎక్కడ దొరికిందని అడిగాను. ఎడమవైపు, వేపచెట్టు వేరు పక్కన, బుట్టకి కాస్త దూరంలో ఉందని చూపించింది. పొద లేదు, గడ్డి లేదు, మొత్తం ఖాళీ నేల. బుట్ట వైపు నుంచి వేరు అడ్డం వస్తుంది గానీ, గుట్ట మీద నిలబడ్డ మనిషికి ఎదురుగా కనిపించే చోటు.

ఫలితం ఎలాగూ మారదు. సమయం దాటాక దొరికిన డిస్కు లెక్కలోకి రాదు. ఆ ముక్క గట్టిగా పట్టుకున్నాను. చెప్తే ఆ పెద్దాయన పరువు పోతుందని నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం కాదు గానీ సగమే. పోటీ నడిపిన నా పరువు కూడా పోతుందన్నది మిగతా సగం. గేటు దగ్గర కీర్తనకి డిస్కు ఇచ్చి, దొరికిందమ్మా అన్నాను. ఎక్కడ అని తను అడగలేదు. నేను చెప్పలేదు. పోచమ్మ పక్కనే నిలబడి నా మొహం చూసింది.

శాలువా

మరుసటి ఏడు ఆయన్ని అక్కడ నిలబెట్టకూడదని నాకు తెలుసు. ఆయనకి ఆ మాట చెప్పాలనీ తెలుసు. రెండుసార్లు ఫోన్ చేసి, ఆరోగ్యం ఎలా ఉందని అడిగి, నీళ్ళు నమిలి పెట్టేశాను. అప్పుడు నాకు ప్రిన్సిపాల్ గారి బీరువా గుర్తొచ్చింది.

ఆరేళ్ళ సేవకి సన్మానం చేద్దామని ప్రతిపాదించింది నేనే. ప్రిన్సిపాల్ గారు ఎంత సంతోషించారంటే, పాత శాలువా కాకుండా కొత్తది కొనిపించారు. ప్రశంసాపత్రం నేనే రాశాను. ఇకమీదట వారు గౌరవ అతిథిగా ముందు వరుసలో కూర్చుని మన పోటీలని ఆశీర్వదిస్తారని చివర ఒక వాక్యం పెట్టాను. ఆ ఒక్క వాక్యం కోసమే మిగతాదంతా.

పోటీ రోజు పొద్దున యాదగిరి గారు ఎప్పటిలాగే తెల్ల బూట్లతో, చంకలో న్యూస్‌పేపర్లో చుట్టిన జెండాలతో వచ్చారు. వేదిక మీదకి పిలిస్తే ఆశ్చర్యపోయారు. మెట్ల దగ్గర ఆగి, కాసేపు పట్టుకోండి మేడమ్ అని జెండాలు నా చేతికిచ్చి పైకి వెళ్ళారు. దండ వేశారు, శాలువా కప్పారు. నేను రాసిన కాగితాన్ని ప్రిన్సిపాల్ గారు గంభీరంగా చదివారు. ఆఖరి వాక్యం రాగానే యాదగిరి గారు తల తిప్పి నన్ను చూశారు.

మన దగ్గర శాలువా ఎప్పుడు కప్పుతారో అందరికీ తెలుసు. ఆఫీసులో కప్పితే రేపటి నుంచి రావద్దని. ఆయనకి రైల్వేలో ఒకసారి కప్పారు కూడా. కిందికి దిగి, ముందు వరుసలో సోఫాలో కూర్చుని, పదకొండో హోల్ దగ్గర ఎవరున్నారని అడిగారు. ఎన్‌సీసీ అమ్మాయిని పెట్టామన్నాను. మంచిదన్నారు. టిఫిను తినకుండానే శాలువా మడతపెట్టుకుని వెళ్ళిపోయారు. జెండాలు నా చేతిలోనే ఉండిపోయాయి. ఆయన అడగలేదు. నేనూ వెనకాలే వెళ్ళి ఇవ్వలేదు.

సభ బాగా జరిగిందని ప్రిన్సిపాల్ గారు మెచ్చుకున్నారు. నేనూ ఆ సాయంత్రం హాయిగానే ఉన్నాను. అది ఒప్పుకోవాలి.

నాకు శాలువా వద్దు మేడమ్

ఆ పై ఏడు టోర్నమెంటుకి నెల ముందు వలంటీర్లకి ఫోన్లు మొదలుపెట్టాను. పాతవాళ్ళు ఒక్కొక్కరే మొహం చాటేయడం షురూ చేశారు. ఒకరికి పెళ్ళి ఉంది, ఒకరికి మోకాలు బాగోలేదు. అల్వాల్ నుంచి వచ్చే ఒక బ్యాంకు ఉద్యోగి మాత్రం దాపరికం లేకుండా అడిగాడు.

"మేడమ్, నాకు యాభై ఎనిమిదే. మంచిగనే నిలబడ్త. ఈసారి శాలువ గిట్ల నా పేరు మీద ఏమన్న పెట్టిన్రా, ముందే చెప్పండి."

నవ్వొచ్చి నవ్వేశాను. ఫోన్ పెట్టాక నవ్వు ఆగిపోయింది. యాదగిరి గారికి నేనేం చేశానో మా వలంటీర్లందరికీ ఆ రోజే అర్థమైంది. ఇది కృతజ్ఞత కాదు, సాగనంపడం అని. వాళ్ళు ఎవరూ నాతో అనలేదు, అంతే. పన్నెండేళ్ళు టిఫిన్లు పెట్టి, గొడుగులు పట్టి, పేరు పెట్టి పిలిచి సంపాదించుకున్న నమ్మకం ఒక్క శాలువాతో పోగొట్టుకున్నాను.

ఆదివారం ప్రార్థన అయ్యాక అటునుంచి అటే రాంగోపాల్‌పేట్ వెళ్ళాను. చేతిలో ఆయన జెండాలు. రెండో అంతస్తు, ఇరుకు మెట్లు. ఆయన కూతురు తలుపు తీసి, నాన్నా పీడీ మేడమ్ వచ్చిన్రు అని కేకేసింది. యాదగిరి గారు గోడ పట్టుకుని వచ్చి కూర్చున్నారు. నేను టీ వచ్చేదాకా ఆగకుండా అనేశాను. మీకు చూపు తగ్గిందని నాకు తెలుసు, అందుకే మిమ్మల్ని పదకొండో హోల్ నుంచి తప్పించాలనుకున్నాను, ఆ మాట మీ మొహం మీద చెప్పడానికి ధైర్యం చాలక సన్మానం పెట్టాను అని.

ఆయన నెమ్మదిగా అన్నారు.

"రైల్వేల మాకు కొన్నేండ్లకోసారి కండ్ల పరీక్ష ఉండె మేడమ్. చూపు సరిగ లేకుంటె డాక్టరు మొఖం మీదనె చెప్పేటోడు, నీ కన్ను పోయింది, ఇగ బండెక్కకు అని. కటువు మాటనే, గని సమజయ్యేది. మీరు శాలువ కప్పిన్రు. నేనేం తప్పు చేసిన్నో అని ఏడాది సంది సోంచాయిస్తున్న."

ఆయన ఆగలేదు. షుగర్ వల్ల ఎడమ కన్ను పూర్తిగా పోయిందని, కుడి కన్నుతోనే ఆఖరి ఏడు నడిపించానని చెప్పారు. గుట్ట మీదికి డిస్కు వస్తే మెరుపులాగా ఒక గీత కనపడేదట. మిగతాది విసిరిన తీరుని బట్టి అంచనా వేసి జెండా ఎత్తేవారట. ఎవరైనా అడుగుతారేమో, అడిగితే దిగిపోదామని చూశారట. ఎవరూ అడగలేదు.

"ఆ అల్వాల్ పిల్ల డిస్కు," అన్నారు. "అది పొదలల్ల లేకుండె గద?"

లేదన్నాను. వేపచెట్టు పక్కన, ఖాళీ నేల మీద ఉందని చెప్పాను.

"ఆ పిల్లకు చెప్పిన్రా?"

లేదన్నాను.

ఆయన లేచి, లోపలికి వెళ్ళి, మొహం కడుక్కుని వచ్చారు. పోటీ రోజు వస్తానన్నారు. నేనే చెప్తాను, మీరెందుకు శ్రమ పడటం అన్నాను. తప్పుగా చూపించింది తను కాబట్టి తనే చెప్పాలన్నారు. ఇంకొక మాట కూడా అన్నారు. కూర్చోబెట్టేట్టయితే రానని, ఏదో ఒక డ్యూటీ ఇమ్మని. మొదటి హోల్ దగ్గర సమయం చూసి గ్రూపుల్ని పిలిచే పని ఇచ్చాను. గార్డు పనే అది. ఆయన మోగే గడియారం ఒకటి కొనుక్కున్నారు. వలంటీర్లకి నేనే మళ్ళీ ఒక్కొక్కరికి ఫోన్ చేసి, జరిగింది జరిగినట్టు చెప్పి, రమ్మని అడిగాను. చాలామంది వచ్చారు.

పోటీ రోజు పొద్దున

ఆట మొదలయ్యే ముందు ఆటగాళ్ళందర్నీ నిలబెట్టి నియమాలు చెప్తాం. అది అయ్యాక యాదగిరి గారు ముందుకొచ్చారు. కీర్తన ఏ వైపు ఉందో నన్ను అడిగి, అటు తిరిగి నిలబడ్డారు. రెండేళ్ళ కిందట పదకొండో హోల్ దగ్గర నీ డిస్కు నాకు కనిపించలేదు బిడ్డా, అంచనాతో పొదల్లోకి చూపించాను, అది నా తప్పు అని చెప్పారు.

కీర్తన ఆయన చేతులు పట్టుకుంది. పర్లేదు అంకుల్ అంది. అంతా అయిపోయిందనుకుని అందర్నీ కదలమనబోయాను. తను నా వైపు తిరిగింది.

"అంకుల్‌కి కనిపించలే, ఓకే. డిస్కు ఎక్కడ దొరికిందో మీకు తెలుసు గద మేడమ్?"

అందరూ నన్ను చూస్తున్నారు. పోచమ్మ కూడా చీపురు పట్టుకుని చూస్తోంది. తెలుసమ్మా, భయపడి చెప్పలేదన్నాను. చెప్పినా ఫలితం మారేది కాదని కూడా అన్నాను. ఆ ముక్క అనకుండా ఉండాల్సింది.

"రూల్ నాకు తెలుసు మేడమ్. ఫస్ట్ ప్లేస్ గురించి అడుగుతలేను. ఆ త్రో కరాబ్ అయ్యి పొదలల్ల పడ్డదనుకున్న. నా చెయ్యే బాలేదనుకున్న. అందుకే రెండేండ్ల సంది ఆ త్రో వేస్తనే లేను."

కోపంగా అనలేదు. లెక్క చెప్పినట్టు చెప్పింది. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఒక పెద్దాయన పరువు కాపాడాననుకున్నాను, అదీ కాపాడలేదు. ఈలోగా ఒక పిల్ల, తన దగ్గరున్న అన్నిటికంటే మంచి విసురుని తప్పనుకుని వదిలేసింది. పోటీల్లో ఎన్నో తప్పులు చేశాను. దేనికీ ఇంత సిగ్గుపడలేదు.

మీకు చెప్పాలనుకున్నది ఇదే అమ్మా. తాళ్ళు సరిగ్గా కట్టకపోతే మళ్ళీ కట్టుకోవచ్చు. వలంటీరుకి చెప్పాల్సింది వలంటీరుకీ, ఆటగాడికి చెప్పాల్సింది ఆటగాడికీ, ఆ రోజే చెప్పండి. గౌరవం అని పేరు పెట్టి దాటవేయకండి. వాళ్ళు ఆ మౌనానికి తమకి తోచిన అర్థం చెప్పుకుంటారు, ఎప్పుడూ తమ మీదే తప్పు వేసుకుంటారు.

బుట్టకి ఎంత దగ్గర పడింది మేడమ్ అని అడిగింది కీర్తన. పది అంగలు ఉంటుందన్నాను. చూపించమంది. పోటీ మొదలవ్వాలి, మొదటి గ్రూపు సిద్ధంగా ఉంది. యాదగిరి గారి వైపు చూశాను. ముప్పై ఏళ్ళు బండి ఆలస్యం కానివ్వని మనిషి, పోయి రండి, ఆపుతా అన్నారు.

గుట్ట దాటి పదకొండో హోల్ దాకా నడిచాం. వేపచెట్టు వేరు పక్కన పోచమ్మ చూపించిన చోటు చూపించాను. తను అక్కడ కాలు పెట్టి, బుట్ట దాకా అంగలు లెక్కపెట్టుకుంటూ నడిచింది. తొమ్మిదే వచ్చాయి. వెనక్కి వెళ్ళి, మళ్ళీ వేరు దగ్గర నుంచి మొదలుపెట్టి, ఇంకోసారి లెక్కపెట్టుకుంది.